పాత బల్లకి తలంటు

వైట్‌హౌస్ ఓవల్ ఆఫీసులో అమెరికా అధ్యక్షుడు కూర్చునే బల్ల పేరు రిజల్యూట్. ఆర్కిటిక్ మంచులో చిక్కుకుపోయిన హెచ్‌ఎంఎస్ రిజల్యూట్ అనే ఓడని 1854లో బ్రిటిష్ నావికులు వదిలేసి వెళ్లిపోతే, మరుసటి ఏడాది తిమింగలాల వేటకి వెళ్లిన ఒక అమెరికన్ ఓడ దాన్ని కనిపెట్టింది. అమెరికా దాన్ని బాగుచేయించి బ్రిటన్‌కి తిరిగి ఇచ్చింది. చివరికి ఆ ఓడని విప్పేశాక, దాని ఓక్ కలపతో చేయించిన బల్లని విక్టోరియా రాణి 1880లో అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్‌కి కానుకగా పంపింది. 2025 ఫిబ్రవరిలో ఆ బల్లని ఓవల్ ఆఫీసులోంచి బయటికి తీసి, దాని స్థానంలో సీ అండ్ ఓ డెస్క్ అనే ఇంకో బల్ల వేశారు. రిజల్యూట్‌కి తేలికగా మెరుగులు దిద్దిస్తున్నామని, అది చాలా ముఖ్యమైన పనని ట్రంప్ ప్రకటించారు.

నూట నలభై ఏళ్లు దాటిన బల్లని చెక్క తేలేదాకా గీకి, కొత్త వార్నిష్ కొట్టాలని ఎవరూ అనుకోరు. అదే గౌరవం మన ఇంటి బల్లకీ దక్కాలి. అమెరికాలో పాత చెక్క సామాను కొనుక్కుంటున్న తెలుగువాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే. వందేళ్ల డ్రెస్సరు నల్లగా, జిడ్డుగా, మసకబారి కనిపిస్తే తప్పు దాని పూతది కాకపోవచ్చు. పూత మీద దశాబ్దాలుగా పేరుకున్నదాన్ని తీసేస్తే చాలు, చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది.

అవి దొరికే చోట్లకి కొదవ లేదు. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి తూర్పున గంట దూరంలో కాంటన్ ఊళ్లో నెలనెలా ఫస్ట్ మండే సంత ఉంది. హ్యూస్టన్, ఆస్టిన్‌ల మధ్య రౌండ్ టాప్‌లో ఏటా వసంతంలోనూ, శరత్తులోనూ పాత సామాన్ల జాతర జరుగుతుంది. మసాచుసెట్స్‌లో 1959 నుంచీ సాగుతున్న బ్రిమ్‌ఫీల్డ్ సంత ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబరుల్లో. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్ల రీస్టోర్ దుకాణాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వీటన్నిటికంటే ఎస్టేట్ సేల్ నాకు ఎక్కువ ఇష్టం. ఇంటి పెద్దలు పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో ఇల్లంతా తెరిచిపెట్టి శుక్ర, శని, ఆదివారాల్లో అమ్మేస్తారు. ఆఖరి రోజు చాలాచోట్ల సగం ధరకే ఇస్తారు. పెద్ద చైనా క్యాబినెట్లూ, డైనింగ్ బల్లలూ చివరిదాకా మిగిలిపోతాయి. వాళ్ల పిల్లలకి అవి అక్కర్లేదు.

అక్కర్లేనివి ఎక్కడికి పోతాయి? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 2018లో ఆ దేశపు మునిసిపల్ చెత్తలో ఫర్నిచరూ, దాని తాలూకు సామానూ 1.21 కోట్ల టన్నులు. అందులో 80 శాతం నేరుగా చెత్త గోతుల్లోకే వెళ్లింది. పొట్టు అతికించిన బోర్డులతో చేసిన షెల్ఫు రెండు ఇళ్లు మారేసరికి మరలు వదిలేస్తుంది. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ కార్ఖానాల్లో వందేళ్ల కింద చేసిన సొరుగుల బీరువా ఇంకా గట్టిగానే ఉంటుంది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతజయంతి ప్రదర్శనతో దేశమంతా పేరు మోగిన ఫర్నిచర్ నగరం అది. అలాంటి వస్తువు చెత్త గోతిలోకి పోకుండా మన ఇంటికి వస్తే మంచిదే. వచ్చిన మర్నాడే మనం సాండర్ పట్టుకుంటే మాత్రం కష్టం.

ఎందుకంటే మనకి అలవాటైన పద్ధతి అది. ఊళ్లో పెళ్లికో, గృహప్రవేశానికో పాత మంచాన్ని మెరిపించాలంటే వడ్రంగి వచ్చి ముందు ఎమెరీ పేపరుతో మొత్తం రుద్దేసేవాడు. అది టేకు పలక, నాలుగు తరాలు రుద్దినా తరగదు. అమెరికన్ కార్ఖానా సామానులో ఎక్కువ భాగం వెనీర్. చౌక చెక్క మీద వాల్‌నట్‌దో, మహాగనీదో పల్చటి పొర అతికించినది. చాలావాటిలో ఆ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కరెంటు సాండర్ ఒక్కచోట కాస్త ఎక్కువసేపు నిలిచినా పొర తెగిపోయి అడుగు చెక్క బయటపడుతుంది. దానికి మందు లేదు. పొర తెగకపోయినా వెలుతురూ, గాలీ తగిలి ఏళ్ల తరబడి చెక్క తెచ్చుకున్న రంగు ఆ పొట్టుతో పాటే పోతుంది. ఏ డబ్బాలో రంగూ దాన్ని తిరిగి తేలేదు.

మన లక్కే ఆ మెరుపు

ఆ పాత పూత ఏమిటో తెలిస్తే గీకడానికి చెయ్యి ఆడదు. పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లోనూ అమెరికన్ ఫర్నిచరుకి ఎక్కువగా వేసిన పూత షెల్లాక్. షెల్లాక్ అంటే లక్క. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు రసం పీల్చుకుంటూ తమ చుట్టూ కట్టుకునే గూడు. ఇప్పటి జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ అడవుల్లో కొమ్మల నుంచి ఒలిచి, కరిగించి, పల్చటి రేకులుగా సాగదీసి, కలకత్తా రేవు నుంచి ఓడలకెక్కించేవారు. విలియం జిన్సర్ అనే జర్మన్ వలసదారు 1849లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన షెల్లాక్ వ్యాపారం పేరు ఇప్పటికీ హోమ్ డిపో అరల్లో డబ్బాల మీద కనిపిస్తుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే, రాపిడి వేడికి కరిగి బొమ్మకి అంటుకునే లక్క కూడా ఆ పురుగు ఇచ్చినదే. మొగలి ఆకుతో రుద్ది దానికి మెరుపు తెస్తారు. ఆ బొమ్మలకి సహజ రంగులని తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒహాయోలో ఎవరో తాతగారు వాడిన రాతబల్ల మీది బంగారు ఛాయ వెనక మన మోదుగ చెట్లున్నాయన్న సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

1920ల తర్వాత కార్ఖానాలు త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకర్‌కి మారాయి. ఇంకా తర్వాతి రోజుల్లో వార్నిష్, పాలీయురిథేన్ వాడకం పెరిగింది. మీ బల్ల మీద ఏది ఉందో కనుక్కోవడం చిన్న పరీక్ష. కాలు లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, దూది పుల్లతో డీనేచర్డ్ ఆల్కహాల్ ఒక చుక్క అద్దండి. కొన్ని క్షణాల్లో అక్కడ జిగురుగా మెత్తబడితే షెల్లాక్. ఏమీ కాకపోతే పక్కన లాకర్ థిన్నర్ చుక్క. దానికి మెత్తబడితే లాకర్. రెండింటికీ లొంగకపోతే వార్నిషో, పాలీయురిథేనో. ఈ వరస మార్చకూడదు, లాకర్ థిన్నర్‌కి షెల్లాక్ కూడా మెత్తబడుతుంది.

ముందు మురికి వదలాలి

మురికి రెండు రకాలు. నూనె, మైనం, పాత పాలిష్, సిగరెట్ పొగ, పోపుల పొగ ఒక రకం. ఇవి నీళ్లకి కదలవు, మినరల్ స్పిరిట్స్‌కి కదులుతాయి. చేతుల చెమట, తీపి, పిల్లలు ఒలకబోసిన పాలు రెండో రకం. వీటికి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు మూడు చుక్కలు చాలు. మంచి సంగతేమిటంటే షెల్లాక్, లాకర్, వార్నిష్ ఏవీ మినరల్ స్పిరిట్స్‌కి కరగవు. అందుకే పని దానితో మొదలుపెట్టాలి. కిటికీలు తెరిచి, చేతికి గ్లోవ్స్ తొడుక్కుని, పాత బనీను గుడ్డని తడిపి అరచేతి మేర చోటు తుడవండి. మొదటి గుడ్డ బూడిద, గోధుమ రంగులు కలిసిన బురదతో లేస్తుంది. రెండోది కాస్త పల్చగా. మూడో నాలుగో గుడ్డకి చెక్క చారలు తేలడం మొదలవుతుంది. అప్పటిదాకా నల్ల చెక్క అనుకున్నది ఎర్రటి మహాగనీ అని అక్కడ తెలుస్తుంది. సొరుగు పిడి చుట్టూ మురికి మందంగా ఉంటుంది, అక్కడ ఓపిక పట్టాలి. ఇత్తడి పిడులు ఊడదీసి తుడిస్తే మేలు. వాటినీ చింతపండుతో తళతళలాడించాలని తొందరపడకండి, ఆ నలుపూ వయసు తెచ్చిన అందమే.

సబ్బు నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. గుడ్డని గట్టిగా పిండి, తుడిచిన వెంటనే పొడి గుడ్డతో ఒత్తాలి. పాత సామాను అతుకులన్నీ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో పెట్టినవి. అది వేడికీ, తడికీ విడిపోతుంది. ఆ గుణం మనకి పనికొచ్చే సందర్భమూ ఉంది. అంచున వెనీర్ లేచి ఉంటే, తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెని తక్కువ వేడిలో కొద్దిసేపు ఆనించి, బరువు పెట్టి వదిలేస్తే అడుగున ఉన్న పాత జిగురే మళ్లీ పట్టుకుంటుంది. పూత షెల్లాక్ అయితే ఆ వేడికి తెల్లబడే ప్రమాదం ఉంది, ముందు మూలన చూసుకోవాలి.

ఏ పొరని కదిలించాలో, దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోవడం పెద్ద పెద్ద మ్యూజియంలలో ఒక శాస్త్రం. డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియంతో కలిసి డెలావేర్ విశ్వవిద్యాలయం నడిపే కోర్సులో పాఠాలు చెప్పిన రిచర్డ్ వోల్బర్స్ 1980ల నుంచి దీనికోసమే రకరకాల జెల్‌లు తయారుచేశారు. పై మురికిని పట్టుకుని, కింది వార్నిష్‌ని వదిలేసేలా వాటిని కూర్చేవారు. నిపుణులు దూది పుల్లని లాలాజలంతో తడిపి తుడవడమూ ఉంది. అందులోని ఎంజైములు మురికిని సున్నితంగా విడదీస్తాయి. కోట్ల విలువ చేసే వస్తువుకి వాళ్లు అంత మెత్తటి మందు వాడుతుంటే, మనం యాభై డాలర్ల బల్లకి ఘాటు యాసిడ్లు పట్టుకొస్తాం.

తుడవడం అయ్యాక కూడా గీతలు కనిపిస్తే రంగు కలిపిన మైనం గాని, టచప్ మార్కరు గాని వాడవచ్చు. హోవార్డ్ కంపెనీ రిస్టోర్-ఎ-ఫినిష్ లాంటివి సన్నటి 0000 రకం స్టీల్ ఉల్‌తో చారల వెంట మెల్లగా రుద్దితే పైపై గీతలు కలిసిపోతాయి. అడ్డంగా రుద్దారంటే కొత్త గీతలు పడతాయి.

మన వంటింటి మరకలు

అమెరికన్ పుస్తకాల్లో మన మరకల ప్రస్తావన ఉండదు. పసుపు మరక పడగానే సబ్బుతో గట్టిగా రుద్దితే అది ఎర్రబడుతుంది. హారతి పళ్లెంలో పసుపు నీళ్లకి సున్నం తగిలితే జరిగేదే ఇదీ. పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్ వెలుతురుకి నిలవదు. మరక చుట్టూ దట్టమైన కాగితం కప్పి, ఆ మేరకి మాత్రం ఎండ తగిలేలా కిటికీ దగ్గర కొన్ని రోజులు ఉంచితే వెలిసిపోతుంది. ఆల్కహాల్‌కీ పసుపు కరుగుతుంది, కానీ దాంతో షెల్లాక్ కూడా కరుగుతుంది. హ్యాండ్ శానిటైజర్ కూడా ఆల్కహాలే కాబట్టి కోవిడ్ రోజుల్లో బల్ల మీద చుక్కలుగా పడి పూత తినేసిన గుర్తులు ఇప్పటికీ చాలా ఇళ్లలో కనిపిస్తాయి.

వేడి సాంబారు గిన్నె, రైస్ కుక్కర్ అడుగు వదిలే తెల్లటి వలయాలకి కారణం చెక్క కాదు, పూతలో చిక్కుకున్న తేమ. ఆల్కహాల్‌తో తడి తగిలీ తగలనట్టున్న గుడ్డని ఆ వలయం మీద విమానం నేలని తాకి లేచినంత సేపే ఆడిస్తే తెలుపు పోతుంది. గుడ్డ నిలిస్తే పూత చెదురుతుంది. నల్లటి వలయం అలా పోదు. నీరు చెక్కదాకా దిగి, ఇనుము ఓక్‌లోని టానిన్‌తో కలిసి ఏర్పడినది అది. ఆక్సాలిక్ యాసిడ్‌తో తీయవచ్చు గాని, అందుకు అక్కడి పూత తీయక తప్పదు. నన్నడిగితే దాని మీద ఒక పూలకుండీ పెట్టుకోమంటాను.

పాత చైనా క్యాబినెట్‌నో, టీవీ బీరువానో దేవుడి మందిరంగా మార్చుకున్న తెలుగు ఇళ్లు ఎన్నో. దీపం పెట్టే చోట రాగి పళ్లెమో, రాయి పలకో వేసి, దీపానికి పైన అర లేకుండా చూసుకోండి. షెల్లాక్ ఎనభై డిగ్రీల లోపే మెత్తబడుతుంది. పైన మసి కడితే దానికీ మందు మినరల్ స్పిరిట్సే. సొరుగుల్లో పాత సిగరెట్ వాసన వదలకపోతే లోపల, అడుగున పల్చగా ఒక పూత షెల్లాక్ వేస్తే వాసన బయటికి రాదు.

పూతని కరిగించి పూతే వేయడం

షెల్లాక్‌లో ఇంకో గుణముంది. పైన మొసలి చర్మంలా పగుళ్లు పట్టిన పూతని తీసేయక్కర్లేదు. గాలిలో తేమ లేని రోజు చూసుకుని, పలక నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టి, మెత్తటి బ్రష్షుతో డీనేచర్డ్ ఆల్కహాల్ ఒక్కసారి రాసి వదిలేయాలి. పూత కరుగుతూ పగుళ్లలోకి సర్దుకుని, ఆల్కహాల్ ఎగిరిపోయాక మళ్లీ ఒక్క పొరగా గట్టిపడుతుంది. బ్రష్షుని వెనక్కీ ముందుకీ లాగితే చెడుతుంది. ముసురు పట్టిన రోజున చేస్తే తెల్లటి పొగలా మసక వస్తుంది. ప్రతిసారీ కుదిరే పని కాదు, అందుకే లోపలి పలక మీద ముందు ప్రయత్నించాలి. కుదిరినప్పుడు మాత్రం వందేళ్ల కింద ఆ పనివాడు వేసిన పూతే తిరిగి లేచి నిలబడుతుంది. అరిగిపోయిన చోట్ల గుడ్డ ఉండతో కొత్త షెల్లాక్ పల్చగా అద్దవచ్చు. మన వడ్రంగులు స్పిరిట్ పాలిష్ వేసే పద్ధతే. కొత్త పొర పాత పొరని కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది. మైనం తీసిన షెల్లాక్ అయితే దాదాపు ఏ పూత మీదైనా పట్టుకుంటుంది.

చివరగా మైనం. తేనెమైనమో, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా మైనమో ఏడాదికి ఒకసారి పల్చగా రాసి తుడిచేస్తే సరిపోతుంది. చెక్క ఎండిపోతుంది, నూనె తాగించాలి అన్న నమ్మకం అమెరికాలోనూ ఉంది, మన దగ్గరా ఉంది. ఫర్నిచర్ పూతల మీద పుస్తకాలు రాసిన బాబ్ ఫ్లెక్స్‌నర్ దశాబ్దాలుగా దీన్ని ఖండిస్తూ వస్తున్నారు. చెక్కకి ఆకలి వేయదు, పూత ఉన్న చెక్కలోకి ఆ నూనె దిగనూ దిగదు. చెక్కని బాధించేది గాలిలో తేమ మారడం. ఊరి నుంచి ఓడలో తెచ్చుకున్న అమ్మమ్మగారి టేకు భోషాణం చికాగో చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో పగిలిందంటే కారణం అదే. ఆ గదిలో హ్యూమిడిఫైయర్ పెట్టి తేమ నలభై శాతం దగ్గర నిలపడం ఏ నూనె కంటైనా మేలు. హీటరు గాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా ఏ చెక్క సామానూ పెట్టకండి.

ధర సంగతీ చెప్పుకోవాలి. 1997లో పీబీఎస్ ఛానల్ యాంటిక్స్ రోడ్‌షోకి ఒకావిడ తెచ్చిన చిన్న కార్డుల బల్ల పెరట్లో అమ్మకానికి పెట్టినప్పుడు ఇరవై ఐదు డాలర్లకి కొన్నది. బోస్టన్‌లో పద్దెనిమిదో శతాబ్దం చివర జాన్ సైమూర్ అండ్ సన్ చేసిన బల్ల అది, అడుగున వాళ్ల చీటీ కూడా ఉంది. మరుసటి ఏడాది సోద్‌బీస్ వేలంలో 5,41,500 డాలర్లు పలికింది. అలాంటిది మనకి తగలడం అరుదు. అయినా కొన్న వెంటనే అడుగున, సొరుగుల వెనక చీటీలూ, ముద్రలూ వెతకండి. ఉంటే వాటి మీద తడి గుడ్డ పడనివ్వకండి.

అన్నిటికీ తుడవడమే మందు కాదు. పూత పొరలు పొరలుగా ఊడిపోతున్నప్పుడూ, నీళ్లలో నాని చెక్క నల్లబడినప్పుడూ మొత్తం తీయక తప్పదు. దానికోసం ఒకప్పుడు ఎక్కడ పడితే అక్కడ దొరికిన మిథిలీన్ క్లోరైడ్ ద్రావకాల వాసన పీల్చి మనుషులు చనిపోయారు. ఈపీఏ 2019లో వాటిని మామూలు కొనుగోలుదారులకి అమ్మకుండా ఆపింది, 2024లో మిగతా వాడకాల్లోనూ ఎక్కువ భాగం నిషేధించింది. గ్యారేజీలో మూలనున్న పాత డబ్బా ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. రంగు వేసిన సామాను 1978కి ముందుదైతే సీసం ఉండొచ్చనుకోవాలి. దాన్ని ఇంట్లో పొడిగా గీకకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు కూడదు.

లేన్ కంపెనీ సీడార్ పెట్టె కొంటే ముందు తాళం చూడండి. 1912 నుంచి 1987 దాకా చేసిన పెట్టెలకి మూత పడగానే తనంతట తాను పడే తాళం ఉండేది, లోపలి నుంచి తీయలేరు. దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోయారు. 1996లో కోటీ ఇరవై లక్షల పెట్టెల తాళాలు మార్చుకోమని ప్రకటించారు. అయినా మార్చనివి ఇప్పటికీ అమ్మకానికి వస్తున్నాయి. అడుగున కొట్టిన సీరియల్ నంబరుని వెనక నుంచి చదివితే తయారైన తేదీ తెలుస్తుంది. పాత తాళమైతే ఇంటికి రాగానే ఊడదీసేయాలి.

ఇక నూనె గుడ్డలు. లిన్సీడ్ నూనె, అంటే అవిసె నూనె, ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డ ఉండచుట్టి పారేస్తే ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున నిప్పు రాజుకుంది. అక్కడి చెక్క పనికి మెరుగులు పెట్టినవాళ్లు వదిలేసిన లిన్సీడ్ నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. స్ప్రింక్లర్లున్న 30వ అంతస్తుకి చేరాకే మంట ఆగింది. మీరు అవిసె నూనె గాని, అది కలిసిన డానిష్ ఆయిల్ లాంటిది గాని వాడితే గుడ్డలని గ్యారేజీలో వదలకండి. బయట, దేనికీ తగలకుండా ఒక్కొక్కటీ విప్పి ఆరేయండి. లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టి, మీ కౌంటీ హానికర వ్యర్థాలు తీసుకునే రోజున అప్పగించండి.